ఖాళీ మ్యాగజైన్

డిగ్రీలో నా హాల్‌టికెట్ నంబరు ఎంతని అడిగితే చెప్పలేను. పెళ్ళిరోజు విషయంలోనూ ఒక్కోసారి తడబడతాను (మా ఇంట్లో ఈ పోస్టు చదవకపోతే చాలు). కానీ ఎన్‌సీసీలో నేను పట్టుకున్న రైఫిల్ నంబరులో చివరి మూడంకెలు మాత్రం అర్ధరాత్రి లేపి అడిగినా చెప్తాను. 417. బాడీ మీద ఒకచోట, బోల్టు (తూటాని లోపలికి తోసి మూసే గడియ) పిడి వెనక ఒకచోట కొట్టి ఉండేది. రెండూ ఒకటేనా కాదా అని చూసుకోకుండా కోత్ (తుపాకులు దాచే గది) గుమ్మం దాటకూడదని మా ఉస్తాద్ (డ్రిల్లు నేర్పే శిక్షకుడు) హుకుం.

1984 సంగతి. పల్నాడు వైపు ఒక ఊళ్ళో డిగ్రీ మొదటి సంవత్సరం. ఎన్‌సీసీలో చేరడానికి దేశభక్తి కారణమని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. పరేడ్ అయ్యాక ఇచ్చే రిఫ్రెష్‌మెంట్, బూట్లు, పైగా తుపాకీ కాలుస్తారట అన్న మాట. ఈ మూడే. మా బాబాయి రోజుల్లో అయితే ఎన్‌సీసీ తప్పనిసరి. చైనా యుద్ధం తర్వాత 1963లో కాలేజీ కుర్రాళ్ళందరికీ పెట్టారు, 1968లో మళ్ళీ ఇష్టమున్నవాళ్ళకే అన్నారు. ఆయన ఎప్పుడు ఇంటికొచ్చినా చొక్కా గుండీ విప్పి భుజం చూపించి, "త్రీ నాట్ త్రీ తన్నిందిరా ఇక్కడ, వారం రోజులు చెయ్యెత్తలేకపోయా" అనేవాడు. అక్కడ నాకు ఏ మచ్చా కనపడేది కాదు గానీ, అలాంటి దెబ్బ ఒకటి నాకూ తగలాలని మాత్రం గట్టి కోరిక.

అందుకని మొదటిరోజు ఉస్తాద్ గ్రౌండ్ షీట్ పరిచి దానిమీద రైఫిల్ పడుకోబెట్టగానే నా కళ్ళు మెరిశాయి. అదే ఆకారం. బ్యాంకు గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చునే గార్డు ఒళ్ళో ఉండేది, ఎన్నికలప్పుడు మా బడికి వచ్చే పోలీసుల భుజాన వేలాడేది, అచ్చం ఇదే. మొన చివరిదాకా కర్ర తొడుగు, ముందు మొద్దు ముక్కులాంటి ఇనప మూతి, దానికి రెండు చెవులు, ఆ చెవుల మధ్య సన్నటి ఫోర్‌సైట్ రేకు, కింద పొడుచుకొచ్చిన మ్యాగజైన్ అనే తూటాల పెట్టె. బాబాయి త్రీ నాట్ త్రీయే అనుకున్నాను. తర్వాత ఉస్తాద్ దాన్ని తిప్పి మూతి మావైపు పెట్టాడు. అంత లావు మూతిలో పెన్సిల్ కూడా దూరనంత చిన్న కన్నం.

"యే పాయింట్ టూ టూ హై" అన్నాడు ఉస్తాద్. అంటే గొట్టం కన్నం 0.22 అంగుళం. త్రీ నాట్ త్రీది 0.303.

వెనకవరసలో ఒకడు కిసుక్కుమన్నాడు. ఏనుగుకి చీమ నోరు పెట్టినట్టుంది మరి. ఆ నవ్వుకి వాడు గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు పరిగెత్తాడు.

మాకు పాడైపోయిన తుపాకులు అంటగట్టారని చాలా రోజులు నమ్మాను. నమ్మకానికి ఆధారం కూడా ఉంది. మ్యాగజైన్ ఊడదీసి చూస్తే లోపల ఏమీ ఉండేది కాదు. తూటాల్ని పైకి నెట్టే స్ప్రింగ్ లేదు, ప్లాట్‌ఫాం లేదు, ఉత్త ఇనపడబ్బా. పది తూటాలు పట్టే మ్యాగజైన్ ఉన్న రైఫిల్లో ఒక్కొక్క తూటా వేలితో పెట్టి కాల్చడమేంటని మా గొణుగుడు. స్ప్రింగులు ఎవరో అమ్ముకున్నారని ఒక సిద్ధాంతం, పిల్లలకి ఇస్తే పోగొడతారని దాచేశారని ఇంకొక సిద్ధాంతం. అడిగే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. అడగడానికి హిందీ రావాలి కదా.

ఎందుకలా ఉందో తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. రిటైరయ్యాక చేతిలో తీరికా, ఫోన్లో డేటా రెండూ పుష్కలంగా ఉండటంతో కొంత చదివాను.

దాని అసలు పేరు రైఫిల్ నంబర్ 2 మార్క్ 4. పుట్టుక 1921లో, ఈ పేరు పెట్టింది 1926లో. కథ మాత్రం ఇంకా వెనక మొదలైంది. 1899 నుంచి 1902 దాకా దక్షిణాఫ్రికాలో బోయర్లతో యుద్ధం జరిగినప్పుడు, పొలాల్లో వేటాడుతూ పెరిగిన రైతుల గురి ముందు బ్రిటిష్ సైనికుల గురి తేలిపోయింది. దానితో బ్రిటన్ పెద్దలకి బెంగ పట్టుకుంది. జనానికి గురి నేర్పాలి, ఊరూరా క్లబ్బులు పెట్టాలి అని తిరిగినవాళ్ళలో ముఖ్యుడు లార్డ్ రాబర్ట్స్. ఈయన పుట్టింది మన కాన్పూర్‌లోనే, 1832లో. అయితే త్రీ నాట్ త్రీతో ఊరి మధ్య సాధన చేయించడం కుదిరే పని కాదు. దాని తూటా మైలు దాటి పోతుంది. ఖర్చు ఎక్కువ, చప్పుడు ఎక్కువ. అందుకే చిన్న తూటా పట్టుకున్నారు. పాయింట్ టూ టూ లాంగ్ రైఫిల్, 1887 నుంచీ అమెరికాలో ఉన్నదే. త్రీ నాట్ త్రీ బులెట్ 11 గ్రాముల పైచిలుకు బరువుంటే ఇది రెండున్నర గ్రాములు. 

మరి చిన్న తూటాకి చిన్న తుపాకీ చెయ్యొచ్చు కదా? క్లబ్బుల్లో అలాంటివి ఉన్నాయి. సైన్యం మాత్రం అలా ఆలోచించలేదు. రేపు యుద్ధంలో మోయాల్సిన బరువే ఇవాళ సాధనలోనూ మోయాలి, అదే బోల్టు తిప్పాలి, అదే కర్రకి చెంప ఆనించాలి, అదే ట్రిగ్గర్ నొక్కాలి. మారేదల్లా తూటా ఒక్కటే. అందుకని అరిగిపోయిన త్రీ నాట్ త్రీ రైఫిళ్ళనే తీసుకుని లోపల మార్చారు. మార్క్ 4కి ఏకంగా కొత్త పాయింట్ టూ టూ బ్యారెల్ వేశారు. పేరు పక్కన నక్షత్రం (స్టార్) గుర్తున్న రకానికైతే పాత బ్యారెల్‌నే తొలిచి, అందులో సన్న గొట్టం దిగేశారు. ఈ గొట్టం పని బర్మింగ్‌హామ్‌లో పార్కర్ కంపెనీ వాళ్ళది. పైనుంచి చూస్తే ఎవరికీ తేడా తెలియదు. నాలుగు కిలోలకి కాస్త తక్కువ బరువు, 44 అంగుళాల పైన పొడవు. ఐదడుగుల మూడంగుళాల నాకు అది నా ఎత్తులో మూడొంతులకి దగ్గర.

బోల్టు దగ్గర వాళ్ళు చేసిన పని నాకు బాగా నచ్చింది. త్రీ నాట్ త్రీ తూటా అడుగున నడిమధ్యలో నిప్పు రాజేసే మందు ఉంటుంది, పిన్ను అక్కడ కొట్టాలి. పాయింట్ టూ టూ తూటాకి ఆ మందు అంచులో ఉంటుంది. నడుమ కొడితే పేలదు, అంచు మీద కొట్టాలి. లీ ఎన్‌ఫీల్డ్ (త్రీ నాట్ త్రీ రైఫిల్ అసలు పేరు) బోల్టుకి తలకాయ విడిగా, మరలా తిప్పితే ఊడివచ్చేలా ఉంటుంది. ఆ తలకాయ ఒక్కటే మార్చేసి, అందులో ఇంకో చిన్న పిన్ను పెట్టారు. వెనకనుంచి పాత పిన్ను వచ్చి దాన్ని కొడితే, అది పోయి అంచుని కొడుతుంది. అత్తగారి మాట కోడలిచేత చెప్పించినట్టు. దీనివల్లే ఒక నిషేధం కూడా వచ్చింది. లోపల తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కొద్దని ఉస్తాద్ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేవాడు. ఖాళీ ఛాంబర్‌లో పిన్ను నేరుగా పోయి ఛాంబర్ (తూటా కూర్చునే గూడు) అంచుకి తగులుతుంది, రోజూ తగిలితే అక్కడ నొక్కు పడుతుంది. "టక్ టక్ మత్ కరో" అనేవాడు. మేం ఆయన వెనక్కి తిరగ్గానే టక్‌టక్‌మనిపించేవాళ్ళం.

ఆ బోల్టు తిప్పడంలో ఒక సుఖం ఉంది, అది చెప్పకపోతే ఈ రాత దండగ. పిడి పైకి ఎత్తేటప్పుడు అసలు బరువు తెలియదు, వెన్నలా లేస్తుంది. వెనక్కి లాగుతాం. మళ్ళీ ముందుకి తోసేటప్పుడు చివరి అంగుళంలో స్ప్రింగు ఎదురు తిరుగుతుంది. ఆ ఎదురుని అరచేత్తో నెట్టి పిడి కిందికి వాలిస్తే టక్కున కూర్చుంటుంది. మౌజర్ రకం రైఫిళ్ళలో ఆ బిగువు పిడి ఎత్తేటప్పుడే ఉంటుందట, దీనిలో మూసేటప్పుడు. చేతిపంపు కొట్టి పెరిగినవాళ్ళం కాబట్టి మాకు ఈ పద్ధతే సులువు. ట్రిగ్గర్‌కి పైన రెండు చిన్న బుడిపెలు ఉంటాయి. మొదటిది తగిలేదాకా తేలిగ్గా వస్తుంది, తర్వాత ఆగుతుంది. ఫస్ట్ ప్రెషర్ అనేవాళ్ళు దాన్ని. అక్కడ ఊపిరి బిగబట్టాలి. రెండోది గట్టిది. నొక్కుతున్నట్టు మనకే తెలియకుండా నొక్కాలని పాఠం.

వెనక బట్, అంటే భుజానికి ఆనించే కర్ర కూడా విడి ముక్కే. ముందు కర్ర వేరు, వెనక కర్ర వేరు, మధ్యలో ఇనుము. బట్‌లు నాలుగు కొలతల్లో చేశారు. మామూలుది, అరంగుళం పొడుగుది, అరంగుళం పొట్టిది, అంగుళం పొట్టిది. పొట్టిదానిమీద 'ఎస్' అనే అక్షరం కొట్టి ఉంటుంది. 417కి ఆ 'ఎస్' ఉంది. నాకు అప్పుడు దాని అర్థం తెలియదు. ఆ రైఫిల్ పట్టుకుంటే మాత్రం చెంప దానంతటదే సరైన చోట ఆనేది, వేరేది పట్టుకుంటే మెడ సాగదీయాల్సి వచ్చేది. అందుకని కోత్ తెరవగానే లైన్లో ముందుండి 417 కోసం ఎగబడేవాణ్ణి. మా ఆరడుగుల తాడికొండవాడికి అది దొరికినరోజు వాడికి మోకాళ్ళు గడ్డానికి తగిలినట్టుండేది, ఏడ్చుకుంటూ నాతో మార్చుకునేవాడు. ముందు కర్రకి అడ్డంగా ఒక స్క్రూ బిగించి ఉండేది. అది ఇషాపూర్ ఫ్యాక్టరీ వాళ్ళు కర్ర చీలిపోకుండా వేసే స్క్రూ అని ఈమధ్యే తెలిసింది. బెంగాల్‌లో కలకత్తా దగ్గర ఆ ఫ్యాక్టరీ. అంటే 417 ఎక్కడ పుట్టినా దాని జీవితంలో కొంతైనా అక్కడ గడిచిందన్నమాట.

బట్ వెనక ఇత్తడి పలక, దానిలో చిన్న తలుపు. వేలిగోరుతో నొక్కితే తెరుచుకుంటుంది. లోపల గుంటలో నూనె సీసా, గొట్టం తుడిచే పుల్‌త్రూ తాడు. ఆ తలుపు తెరవగానే వచ్చే వాసన ఇంకెక్కడా రాలేదు నాకు. పాత నూనె, ఇత్తడి, చెమట, తడిసి ఆరిన కర్ర. క్యాంపులో మా వాళ్ళు కొందరు అందులో వేయించిన వేరుశనగ గింజలు దాచేవాళ్ళు. నేనూ దాచాను. ఒక గింజ పలక కింద ఇరుక్కుని, దానికోసం చీమలు బారులు తీరి, ఉదయం ఇన్‌స్పెక్షన్‌లో రైఫిల్ బట్‌లోంచి చీమలు దిగుతుంటే ఉస్తాద్ చూసిన చూపు... సరే, అది వేరే కథ.

అసలు కథ డిసెంబరు క్యాంపులో జరిగింది. కొండ అడుగున రేంజ్, అంటే కాల్పుల మైదానం. ఎర్రజెండా పాతారు. పొద్దున ఏడవుతున్నా మంచు విడవలేదు. పదిమందికో డిటైల్ (జట్టు), మనిషికి ఐదు రౌండ్లు (తూటాలు), 25 గజాలు. దూరాన్ని బట్టి గురి సర్దే బ్యాక్‌సైట్ పలక మీద రెండు వేల గజాల దాకా అంకెలు చెక్కి ఉంటాయి. మేం కాల్చేది మాత్రం వీధిలో ఎదురింటి గోడంత దూరం. గ్రౌండ్ షీట్ మీద బోర్లా పడుకున్నాను. మంచుకి షీట్ తడిగా ఉంది. కాళ్ళు వెడల్పుగా, మడమలు నేలకి.

మూడు రౌండ్లు బాగానే అయ్యాయి. నాలుగోది చేతిలోకి తీసుకున్నాను. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. తూటా అంతా కలిపి ఒక్క అంగుళం. దాన్ని బొటనవేలితో ఛాంబర్ నోట్లోకి నెట్టాలి. నెట్టాననే అనుకున్నాను. లోపల ఎక్కడో టిక్ అని చిన్న చప్పుడు. అటుపక్కా ఇటుపక్కా ఠప్‌ఠప్‌మని కాలుస్తున్నారు, నేను వెనకబడ్డానన్న టెన్షన్. బోల్టు మూశాను, గురిచూశాను, నొక్కాను. పాయింట్ టూ టూకి తన్నుడనేది ఉండదు. బాబాయి చెప్పిన భుజం నొప్పి దీనిలో ఎంత వెతికినా దొరకదు. ఆ గోలలో నాది పేలిందో పక్కవాడిది పేలిందో నాకు తెలియలేదు. పేలిందనుకున్నాను. ఐదోది కాల్చి "ఖాలీ కర్" అనగానే రైఫిల్ బోర్లించి దులిపాను.

టార్గెట్ దగ్గరికి పోతే నాలుగే కన్నాలు. ఒక అగ్గిపెట్టె కింద దాచేయొచ్చు నాలుగింటినీ. అంత మంచి గ్రూపింగ్ (గుండ్లన్నీ దగ్గరగా పడటం) నేనెప్పుడూ వెయ్యలేదు. ఐదోది ఏదని తాడికొండవాడు అడిగితే, "ఒకే కన్నంలోంచి రెండు పోయుంటాయిరా" అన్నాను. చెప్పేటప్పుడు నాకే ఒళ్ళు పులకరించింది.

ఈలోపు వెనక ఖోఖాలు లెక్కపెడుతున్నారు. కాల్చిన ప్రతి తూటాకీ ఖాళీ డొప్ప తిరిగి అప్పజెప్పాలి. పదిమంది, యాభై ఖోఖాలు. నలభైతొమ్మిదే వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టారు. నలభైతొమ్మిది. మా కెమిస్ట్రీ లెక్చరరే మా ఎన్‌సీసీ ఆఫీసరు, ఆయన ముఖంలో రంగు మారిపోయింది. ఒక్క రౌండు లెక్క తేలకపోతే కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ, కాగితాలు, సంజాయిషీలు. మిగతా డిటైల్స్ ఆపేశారు. మమ్మల్ని అందరినీ మోకాళ్ళ మీద కూర్చోబెట్టి గడ్డి వెతికించారు. తడిగడ్డిలో గంటసేపు. నేను అందరికంటే శ్రద్ధగా వెతికాను, ఎందుకంటే ఆ పాపం నాదై ఉండటానికి వీల్లేదని నాకు గట్టి నమ్మకం.

ఉస్తాద్ మాత్రం గడ్డివైపు చూడలేదు. రైఫిళ్ళ వరసలో ఒక్కొక్కటీ తీసి, ట్రిగ్గర్ గార్డు లోపలున్న మీట నొక్కి మ్యాగజైన్ ఊడదీసి చూస్తూ వచ్చాడు. 417 దగ్గర ఆగాడు. డబ్బాని అరచేతి మీద రెండుసార్లు కొట్టాడు. రాలేదు. వేలు పెట్టి గీరాడు. తూటా పడింది. ఖోఖా కాదు, నిండు తూటా, బులెట్‌తో సహా. డొప్పలు పొట్టివి కాబట్టి దులపగానే రాలిపోయాయి. ఇది పొడుగు కావడంతో డబ్బా మూలలో ఇరుక్కుపోయింది. నేను నాలుగోసారి గురిచూసి ఊపిరి బిగబట్టి కాల్చింది ఉత్త ఖాళీ ఛాంబర్‌ని.

రేంజ్ ఈ చివరనుంచి ఆ చివరికి ఫ్రంట్ రోల్స్ కొట్టాను. ఖాకీ చొక్కా మీద బురద, పల్లేరుకాయలు. తాడికొండవాడు లైన్లో నిలబడి పెదాలు కదపకుండా "ఒకే కన్నంలోంచి రెండు" అని పాడుతున్నాడు. డిగ్రీ అయిపోయేదాకా నా పేరు అదే.

సాయంత్రం రైఫిళ్ళు తుడిచే టైములో ఉస్తాద్ నా పక్కన వచ్చి కూర్చున్నాడు. తిడతాడనుకున్నా. నా చేతిలోని చింది గుడ్డ తీసుకుని, మ్యాగజైన్ లోపల తుడుస్తూ చూపించాడు. ఇక్కడ స్ప్రింగు ఉండేది, తీసేశారు, కావాలనే. పాయింట్ టూ టూ డొప్ప బయటికి ఎగిరి పడదు, బోల్టు లాగితే ఇలా కిందికి జారుతుంది. పట్టుకోవడానికి డబ్బా ఉండాలి కదా, అందుకని దీన్ని ఖాళీగా ఉంచారు. ఇది మ్యాగజైన్ కాదు బేటా, ఖోఖా కా డబ్బా. నాకు వచ్చిన హిందీకి ఇంతే అర్థమైంది, కానీ సరిపోయింది. స్ప్రింగులు అమ్ముకున్నది ఎవరూ లేరు. ఆయన లేచి వెళ్తూ, గ్రూపింగ్ బాగుంది అన్నాడు. నాలుగింటికే.

తర్వాత ఏడాది మా జూనియర్లకి డీలక్స్ అని సన్నటి, తేలికపాటి పాయింట్ టూ టూ చేతికిచ్చారు. దాని మ్యాగజైన్‌లో ఐదు రౌండ్లు నింపుకోవచ్చు. వాళ్ళు దర్జాగా కాలుస్తుంటే మాకు కాస్త కుళ్ళు. నేను 'బి' సర్టిఫికెట్ దాకా 417తోనే కాల్చాను. తర్వాత ఉద్యోగం, బదిలీలు. మళ్ళీ రైఫిల్ ముట్టుకోలేదు. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుశాలే 50 మీటర్ల రైఫిల్‌లో కాంస్యం గెలిచినప్పుడు టీవీ ముందు కూర్చుని, "ఆ తూటా మాదే" అంటే మా మనవరాలు నమ్మలేదు. నిజమే చెప్పాను. ఆ పోటీకి ఇప్పటికీ పాయింట్ టూ టూ లాంగ్ రైఫిలే వాడతారు. అతని చేతిలోని రైఫిల్ పక్కన మా 417 ఎడ్లబండిలా ఉంటుందనుకోండి.

పోయినేడు సిడ్నీలో అబ్బాయి దగ్గరున్నప్పుడు బ్లూ మౌంటెన్స్ చూపించడానికి తీసుకెళ్ళాడు. అవి దాటితే లిత్‌గో అనే ఊరు. 1912లో అక్కడ ఆయుధాల ఫ్యాక్టరీ పెట్టి ఈ త్రీ నాట్ త్రీలే చేశారు. ఇప్పుడు అక్కడొక మ్యూజియం ఉంది. మిగతావాళ్ళకి కాఫీ కావాలి, నాకు అది కావాలి. అద్దాల వెనక వరసగా అవే మొద్దు మూతులు, అవే చెవులు. ఒకదాని బోల్టు వెనక్కి లాగి ఉంచారు. అద్దానికి ముక్కు ఆనించి పైనుంచి లోపలికి చూశాను. అబ్బాయి వచ్చి ఏం వెతుకుతున్నావు నాన్నా అన్నాడు.

మ్యాగజైన్‌లో ప్లాట్‌ఫాం కనపడుతోంది, మెరుస్తూ.

"ఇది కాదులే" అని పక్క అద్దం దగ్గరికి జరిగాను.